నాలుగొందల మందికి మెయిలు వెళ్ళింది

ఫైల్ అప్‌లోడ్‌లో సెక్యూరిటీ లోపం అనగానే మనకి ఠక్కున తట్టేది ఒకటే. ఫోటో పెట్టమన్నచోట ఎవడో జేఎస్పీ ఫైలు పెట్టాడు, సర్వర్ దాన్ని రన్ చేసింది, కొంప మునిగింది. ఎక్స్‌టెన్షన్ చూసుకుంటే చాలు, సైజు చూసుకుంటే చాలు అనుకుంటాం. కానీ ఈ తరహా లోపాల్లో బాగా పేరుమోసిన ఒకదాంట్లో అసలు ఫైలే లేదు. మీ అప్లికేషన్లో అప్‌లోడ్ పేజీ ఉండాల్సిన పని కూడా లేదు. అది 2017 నాటి అపాచీ స్ట్రట్స్ 2 కథ.

జావా వాళ్ళకి స్ట్రట్స్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2000లో క్రెయిగ్ మెక్లనహన్ మొదలుపెట్టి అపాచీకి ఇచ్చాడు. ఆ దశాబ్దంలో అమీర్‌పేటలో నేర్చుకున్నవాళ్ళ రెజ్యూమేల్లో స్ట్రట్స్, స్ప్రింగ్, హైబర్నేట్ అని మూడూ వరసగా ఉండేవి. మనలో చాలామంది నేర్చుకున్నది స్ట్రట్స్ 1. 2007లో వచ్చిన స్ట్రట్స్ 2 పేరుకే దాని తమ్ముడు, పుట్టింది మాత్రం వెబ్‌వర్క్ అనే వేరే ఫ్రేమ్‌వర్క్ లోంచి. అక్కణ్ణుంచి తెచ్చుకున్న సామానులో ఓజీఎన్‌ఎల్ అనే ఎక్స్‌ప్రెషన్ భాష ఒకటి. చూడ్డానికి చిన్నదే గానీ జావా మెథడ్స్‌ని నేరుగా పిలవగలదు. బయటివాడు రాసిన స్ట్రింగు ఎక్కడైనా దాని చేతికి చిక్కితే ఇక ఆ సర్వర్ వాడిదే. 2017కి ముందు కూడా ఇలాంటివి చాలాసార్లు బయటపడ్డాయి. ప్రతిసారీ కనబడ్డ కన్నం పూడ్చుకుంటూ వచ్చారు.

ఇక అసలు లోపం. బ్రౌజర్ ఫైలు పంపేటప్పుడు కంటెంట్-టైప్ హెడర్లో "ఇది మల్టీపార్ట్ డేటా" అని చెబుతుంది కదా. స్ట్రట్స్ అది చూసి పని జకార్తా పార్సర్‌కి అప్పజెప్పేది. హెడర్ సరిగ్గా లేకపోతే పార్సర్ ఎక్సెప్షన్ ఇచ్చేది. ఇంతవరకూ బానే ఉంది. ఆ ఎక్సెప్షన్‌కి ఎర్రర్ మెసేజ్ తయారుచేసేటప్పుడు మాత్రం, యూజర్ పంపిన హెడర్‌ని కూడా అందులో కలిపేసి, మెసేజ్‌ల అనువాదం చూసే కోడ్‌కి ఇచ్చేది. ఆ కోడ్‌కి వాక్యంలో ఓజీఎన్‌ఎల్ కనిపిస్తే వెంటనే ఎవాల్యుయేట్ చేసేది. కాబట్టి హెడర్లో మల్టీపార్ట్ అన్న మాట, పక్కనే ఒక ఎక్స్‌ప్రెషన్ పెట్టి పంపితే చాలు. లాగిన్ అక్కర్లేదు. వెబ్ సర్వర్‌కున్న హక్కులతో ఆ మెషీన్లో కమాండ్లు నడుస్తాయి. "నీ రిక్వెస్ట్ తప్పు" అని చెప్పడానికి రాసిన కోడే తలుపు తీసిందన్నమాట.

దీనికి సీవీఈ-2017-5638 అని నంబరిచ్చారు. 2017 మార్చి 7 నాటికి ప్యాచ్ వచ్చేసింది. అపాచీ వాళ్ళు చెయ్యాల్సింది చేశారు. ఇక్కణ్ణుంచి కథ ఈక్విఫాక్స్‌ది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఈ పేరు బాగా తెలుసు. ఇక్కడ సిబిల్ ఎలాగో అక్కడ ఇది అలాగ. తమ క్రెడిట్ రిపోర్టులో తప్పులుంటే జనం ఫిర్యాదు చేసుకునే పోర్టల్ ఒకటి వాళ్ళకి ఉండేది. అది స్ట్రట్స్ మీద నడిచేది.

మార్చి 8న అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్-సెర్ట్ హెచ్చరిక పంపింది. 9న ఈక్విఫాక్స్ సెక్యూరిటీ టీమ్ 400 మందికి పైగా మెయిలు కొట్టింది, 48 గంటల్లో ప్యాచ్ వెయ్యమని. 15న స్కాన్ చేశారు, ఏమీ దొరకలేదు. ఎలా దొరుకుతుంది? స్కానర్ పై డైరెక్టరీ చూసి వచ్చేసింది. స్ట్రట్స్ ఉన్నది లోపలి డైరెక్టరీలో. మే 13న దొంగలు లోపలికొచ్చారు. ఒక షేర్డ్ ఫోల్డర్లో ఎన్‌క్రిప్ట్ చెయ్యని పాస్‌వర్డ్‌లు దొరికాయి. వాటితో ఆ పోర్టల్‌కి ఏ సంబంధమూ లేని 48 డేటాబేసుల్లోకి వెళ్ళి దాదాపు 9,000 క్వెరీలు వేశారు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి.

దొంగలు పడ్డ ఆరు నెల్లకి కుక్కలు మొరిగాయని మన సామెత. ఇక్కడ 76 రోజులు పట్టింది. కుక్క ఉంది గానీ దాని కళ్ళకి గంతలున్నాయి. ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ని విప్పి చూసే పరికరంలో సర్టిఫికెట్ గడువు తీరి 19 నెలలైందని ప్రతినిధుల సభ కమిటీ 2018 డిసెంబర్ నివేదికలో రాసింది. జూలై 29న కొత్త సర్టిఫికెట్ వేసిన రోజే దొంగతనం కనబడింది.

తర్వాత జరిగిందే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అక్టోబర్ 3న మాజీ సీఈఓ రిచర్డ్ స్మిత్ అమెరికా కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెబుతూ, ప్యాచ్ విషయం అందాల్సిన చోటికి ఒక ఉద్యోగి అందించలేదన్నాడు. అంటే ఒక్క మనిషి తప్పు. వినడానికి ఎంత సుఖంగా ఉంది!

2019 మార్చిలో సెనేట్ సబ్‌కమిటీ ఇచ్చిన నివేదిక చదివితే వేరే బొమ్మ కనిపిస్తుంది. ఆ 400 మంది లిస్టులో, అక్కడ స్ట్రట్స్ వాడుతున్నారని తెలిసిన డెవలపర్ పేరే లేదు. ఆయన మేనేజర్ పేరుంది, మెయిలు వచ్చింది, అక్కడే ఆగిపోయింది. మేనేజర్ పంపి ఉండాల్సింది, కాదనను. కానీ ఏ అప్లికేషన్లో ఏ లైబ్రరీ ఉందో చెప్పే సరైన జాబితా కంపెనీకి లేనేలేదు. 8,500కి పైగా లోపాలు ప్యాచ్ కాకుండా పడున్నాయని 2015లో వాళ్ళ సొంత ఆడిటే చెప్పింది. మనుషుల జాబితా పెట్టుకుని సామాను జాబితా లేకుండా ఇల్లు కాపాడుకోవాలని చూశారు. అలాంటిచోట ఆ ఒక్క మెయిలు అందినా, ఇంకో రోజు ఇంకో మెయిలు ఆగేది.

2019 జూలైలో కనీసం 57.5 కోట్ల డాలర్లకి కేసు సెటిల్ అయింది. 2020 ఫిబ్రవరిలో నలుగురు చైనా సైనికుల మీద అమెరికా అభియోగాలు మోపింది.

స్ట్రట్స్ అప్‌లోడ్ కథ అంతటితో అయిపోలేదు. 2023 డిసెంబర్లో ఇంకోటి బయటపడింది. పారామీటర్ పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడాతో ఆడుకుని ఫైలుని తమకి నచ్చిన డైరెక్టరీలోకి తోసేయొచ్చు. 2024 డిసెంబర్లో దాని చుట్టమే మరొకటి. దీనికి వెర్షన్ మారిస్తే చాలదు, కొత్త అప్‌లోడ్ పద్ధతికి కోడ్ మార్చి రాయాలి. రాసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయిన అప్లికేషన్లో ఆ మార్పు ఎవరు చేస్తారు, ఎవరి బడ్జెట్లో?

ఈ ప్రశ్న మనకి దగ్గరిది. ఎవరో రాసిన పాత జావా కోడ్‌ని మెయింటెనెన్స్ పేరుతో మోస్తున్నవాళ్ళలో మన తెలుగువాళ్ళు తక్కువేం కాదు. రేపు ఏదైనా జరిగితే "ఒక ఉద్యోగి" అంటూ వేలు చూపించేది అలాంటివాళ్ళ వైపే. అందుకే నేను చెప్పేది ఒకటే. మీ చేతిలో ఉన్న అప్లికేషన్లో ఏ లైబ్రరీ ఏ వెర్షన్ ఉందో రాసి, పైవాళ్ళకి మెయిల్లో పంపి, కాపీ దాచుకోండి. ఎవరూ అడగలేదని ఊరుకోకండి. అక్కడ ఆ డెవలపర్‌ని కూడా ఎవరూ అడగలేదు.