పెట్టెలో గాలికి దారి

ఐబీఎం 1981 ఆగస్టులో విడుదల చేసిన పీసీలో ప్రాసెసర్ మీద హీట్‌సింక్ లేదు, ఫ్యానూ లేదు. 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఇంటెల్ 8088 చిప్‌కు వాటి అవసరం రాలేదు. 63.5 వాట్ల పవర్ సప్లైలోని ఒక్క ఫ్యానే పెట్టెలో వేడెక్కిన గాలిని లాగి వెనక నుంచి బయటికి తోసేది.

అలాంటి ఒక్క ఫ్యాన్ రొద కూడా స్టీవ్ జాబ్స్‌కు గిట్టేది కాదు. అంతకు ఏడాది ముందు వచ్చిన యాపిల్ 3లో ఫ్యాన్ పెట్టనివ్వలేదు. పోత పోసిన అల్యూమినియం ఒళ్లే వేడిని వదిలేస్తుందని లెక్క. ఆ లెక్క తప్పింది. చిప్పులు సాకెట్లలో వదులై యంత్రం మొరాయించేది. అప్పట్లో వాడకందార్లకు అందిన చిట్కా వింతైనది: కంప్యూటర్‌ను బల్ల మీద నుంచి కొన్ని అంగుళాలు పైకెత్తి వదిలేస్తే చిప్పులు మళ్లీ సర్దుకుంటాయి! నేరమంతా వేడిదే కాదని, బోర్డు తయారీలోనూ లోపాలున్నాయని అన్నవాళ్లూ ఉన్నారు.

1993లో పెంటియం వచ్చాక చిప్ నెత్తిన హీట్‌సింక్, దాని మీద బుల్లి ఫ్యాన్ మామూలైపోయాయి. అయితే ఆ ఫ్యాన్ చిప్ వేడిని పెట్టెలోకి మారుస్తుందే తప్ప బయటికి పంపదు. గాలి కదలకపోతే అదే వేడి గాలి లోపల గిరగిరా తిరుగుతుంది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం దీనికి ఒక ఉపాయం చెప్పింది. పవర్ సప్లై ఫ్యాన్‌ను తిప్పి పెట్టి, బయటి గాలిని నేరుగా ప్రాసెసర్ మీదికి ఊదించాలి. కానీ ఆ గాలి పవర్ సప్లై వేడిని వెంట తెచ్చేది. తర్వాత ఫ్యాన్ దిశ మళ్లీ బయటికే మారింది. ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనక నుంచి వేడిగాలి బయటికి అన్న పద్ధతి స్థిరపడింది.

2004 నాటి ప్రెస్కాట్ రకం పెంటియం 4 వేడి 100 వాట్లు దాటింది. ప్రాసెసర్ ఫ్యాన్‌కు అందే గాలి 38 డిగ్రీలు మించకూడదని ఇంటెల్ గీత గీసి, పెట్టె పక్క రేకుకు కన్నం చేసి గొట్టం బిగించమంది. మే నెలలో, ఎండలకు పేరుమోసిన రెంటచింతలలో బయటి గాలే ఆ గీత దాటేస్తుంది! పక్క రేకు ఊడదీసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకోవడం మన దగ్గరి వైద్యం. వేడి తగ్గేది నిజమే, హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము మాత్రం పేరుకుపోయేది.

గాలి ముందు నుంచి తిన్నగా ప్రాసెసర్ మీదుగా సాగేలా బీటీఎక్స్ అనే కొత్త అమరికనూ ఇంటెల్ ప్రతిపాదించింది. ఆలోచన మంచిదే, ఆయుష్షు లేదు. 2006లో 65 వాట్ల కోర్ 2 డ్యుయో రావడంతో దాని అవసరమే పోయింది.

వేడి ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు పాలైంది. 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ల చోటికి, నెమ్మదిగా తిరుగుతూనే అంత గాలీ తోసే 120, 140 మిల్లీమీటర్లవి వచ్చాయి. పవర్ సప్లై పెట్టె అడుగుకు దిగి, కింద నుంచి గాలి తీసుకుంటోంది. 1981లో మొత్తం పెట్టెకు దిక్కైన ఆ ఫ్యాన్ ఇప్పుడు తన వేడి మాత్రమే చూసుకుంటుంది.