కపిల బావి నుంచి బుల్లెట్ దాకా: ఒక స్ప్రింగ్ కథ

కర్నూలు, కడప జిల్లాల్లో కాలువ నీళ్లు అందరికీ దక్కలేదు. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్విన కె.సి. కెనాల్ సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లందుకొని కడప దాకా వచ్చింది. దాని కింద ఉన్నవాళ్లు వరి మళ్లు వేసుకున్నారు. మిగతావాళ్లకు బావీ కపిలే గతి. ఎద్దులు వాలులో దిగితే తోలు బాన పైకొచ్చేది, వెనక్కి నడిస్తే మళ్లీ బావిలోకి దిగేది. పొద్దంతా తోలినా పారేది కొంచెం నేలే.

ఆ చాకిరీని తగ్గించింది ఆయిల్ ఇంజన్. ఇంజన్లతో నీళ్లు తోడించాలని మద్రాసు ప్రెసిడెన్సీలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1900ల తొలి ఏళ్లలోనే పట్టుబట్టాడు. 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలైంది. ఇంగ్లండులో 1929లో పుట్టిన లిస్టర్ సి.ఎస్. ఇంజన్‌కు రాజ్‌కోట్ కార్ఖానాలు నకళ్లు తయారుచేశాయి. చీనీ తోటలకూ పసుపు మళ్లకూ ఇంజన్ నీళ్లు పారాయి.

దాన్ని స్టార్ట్ చేయడమంటే తరచూ ఇద్దరు ఉండాల్సిందే. ఒకరు డీకంప్రెషన్ లివర్ పట్టుకుంటే, ఇంకొకరు వంగి హ్యాండిల్ తిప్పేవారు. ఫ్లైవీల్ ఊపందుకోగానే లివర్ వదిలితే, ఒక్క దగ్గు దగ్గి నల్లపొగ చిమ్మి ఇంజన్ అందుకునేది.

ఆరు హార్స్‌పవర్ లిస్టర్ నిమిషానికి తిరిగేది 650 చుట్లే. అంటే, రెండు చుట్లకోసారి చొప్పున, ఒక్కో వాల్వ్ తెరుచుకునేది 325 సార్లు. గవర్నర్ ఆ వేగం దాటనివ్వదు. వాల్వ్‌ను మూయడానికి స్ప్రింగ్‌కు కావలసినంత తీరిక ఉంటుంది. అందుకే ఆ ఇంజన్‌లో స్ప్రింగ్ విరిగితేనో, బిగి తగ్గితేనో తప్ప మార్చే పని పడదు.

1955లో మద్రాసు మోటార్స్, ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. దాని 350 బుల్లెట్ మోటార్‌సైకిల్‌లోనూ, లిస్టర్‌లో లాగే, క్యామ్, పుష్‌రాడ్, రాకర్, స్ప్రింగే ఉన్నాయి. వేగమే వేరు: పూర్తి 18 హార్స్‌పవర్ వచ్చేది 5,625 చుట్ల దగ్గర. వేగం రెట్టింపైతే వాల్వ్‌ను అదుపులో ఉంచడానికి కావలసిన బలం నాలుగు రెట్లవుతుంది. లిస్టర్ వాల్వ్‌నే బుల్లెట్ వేగంతో ఆడిస్తే ఆ బలం దాదాపు 75 రెట్లు కావాలి.

బుల్లెట్‌కు ఎత్తు (లిఫ్ట్) ఎక్కువున్న రేసు క్యామ్ వేసి, ఇంకా పైవేగానికి తీసుకెళ్తే పాత స్ప్రింగ్ చాలకపోవచ్చు. అప్పుడు వాల్వ్ క్యామ్ వెంట రాకుండా తేలిపోతుంది, పవర్ పడిపోతుంది, ఒక్కోసారి వాల్వ్ పిస్టన్‌కే తగులుతుంది. ఈ చిక్కు ప్రపంచ రేసు ఇంజన్లనూ వదల్లేదు. 1954లో మెర్సిడెస్, 1956లో డుకాటి రేసు ఇంజన్లు వాల్వ్‌ను మూయడానికి స్ప్రింగ్‌కు బదులు మరో క్యామ్ పెట్టుకున్నాయి. 1986లో రెనో తన ఫార్ములా వన్ ఇంజన్‌లో స్ప్రింగ్ తీసేసి ఒత్తిడి గాలిని వాడింది.

అలాగని గట్టి స్ప్రింగే మంచిదనుకోకూడదు. అవసరానికి మించి గట్టిదైతే క్యామ్, ట్యాపెట్ త్వరగా అరిగిపోతాయి. లిఫ్టూ పైవేగమూ పెరగని క్యామ్‌కు, కొలతలో నిలిచిన పాత స్ప్రింగే సాధారణంగా సరిపోతుంది. రెండింటిలో ఏది పెరిగినా, క్యామ్ తయారీదారు చెప్పిన స్ప్రింగే వేయాలి. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనకుండా సందు మిగులుతుందో లేదో మెకానిక్ చేత కొలిపించాకే హెడ్ బిగించాలి.