మత్తు ఎక్కడ పనిచేస్తుంది? హైదరాబాదు క్లోరోఫాం నుండి గాబారాప్ దాకా

సికింద్రాబాదు వాసులకు వైద్యచరిత్ర అనగానే బేగంపేటలోని రొనాల్డ్ రాస్ భవనం, 1897 ఆగస్టు 20న ఆయన దోమ కడుపులో గుర్తించిన మలేరియా పరాన్నజీవి స్ఫురిస్తాయి. అంతకు ఎనిమిదేళ్ల ముందు, హుస్సేన్‌సాగరానికి ఆవలి వైపున ఉన్న హైదరాబాదు నగరంలో జరిగిన మరొక పరిశోధనను మాత్రం మనం దాదాపుగా మరచిపోయాము. శస్త్రచికిత్సకు ముందు రోగులు నన్ను తరచుగా అడిగిన ప్రశ్న ఒకటున్నది: "మత్తు ఇచ్చాక మళ్ళీ లేస్తానా, డాక్టరుగారూ?" ఆ పరిశోధన ఈ ప్రశ్న చుట్టూనే నడిచింది.

ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ 1847 నవంబరులో క్లోరోఫామును వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలిగోరు తీయించుకోబోయి క్లోరోఫాం మత్తులోనే ప్రాణం విడిచింది. మందు గుండెను ఆపిందా, లేక శ్వాసను ఆపిందా? లండను వైద్యులలో చాలామంది గుండెనే శంకించారు. ఎడింబరో సంప్రదాయం వారు శ్వాసను గమనిస్తే చాలునన్నారు. ఆ సంప్రదాయంలో జేమ్స్ సైమ్ వద్ద శిక్షణ పొందిన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. గురువు మాటను నిరూపించడానికి 1888లో ఇక్కడ మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. దాని తీర్పును 'లాన్సెట్' పత్రిక అంగీకరించలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఆ పత్రికకే వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషిని పంపి పరీక్షించుకోండని ఆహ్వానించింది. ఒక సంస్థానం లండను పత్రికను ఇలా సవాలు చేయడం నాకు ఇప్పటికీ ముచ్చటగొలిపే విషయం.

అలా 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెకు ప్రమాదముందని నమ్ముతూ వచ్చిన వాడు, వందలకొద్దీ కుక్కల మీదా కోతుల మీదా ప్రయోగాలు చూసి అభిప్రాయం మార్చుకున్నాడు. శ్వాసే ముందు ఆగుతుంది, నాడిని గురించి ఆందోళన అనవసరం అని రెండవ కమిషన్ ప్రకటించింది.

ఆ తీర్పులో సగం సత్యం. శ్వాసను కనిపెట్టి ఉండమన్న హితవు ఎందరినో కాపాడి ఉంటుంది. నాడిని విస్మరించమన్నది ప్రమాదకరమైన మాట. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి, మత్తు తేలికగా ఉన్నప్పుడు, అడ్రినలిన్ తోడైతే గుండె గదులు లయ తప్పి కంపించి ఆగిపోతాయని చూపాడు. భయంతో బల్లమీద పడుకున్న రోగి స్థితి అదే. హైదరాబాదులో మందు ఎక్కువ మోతాదులో ఇచ్చి చూశారు, తక్కువ మత్తులో సంభవించే మరణం వారి కళ్ళబడలేదు. ఇదే నగరంలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ వైద్యురాలు ఏళ్ల తరబడి క్లోరోఫాం ఇచ్చింది. మహిళలలో తొలి మత్తు వైద్యురాలిగా ఆమెను పలువురు చరిత్రకారులు పేర్కొంటారు. కమిషన్ నివేదికలకు దక్కిన ప్రచారంలో పదోవంతయినా ఆమెకు దక్కలేదు.

ఇంతకూ, ఈ మందు మనిషిని నిద్రపుచ్చేది ఎక్కడ పనిచేసి? కమిషన్ ఆ ప్రశ్న వేయలేదు. వేసినా జవాబు చెప్పే సాధనాలు ఆనాడు లేవు. 1950లో మెదడులో గాబా అనే రసాయనం ఉన్నదని తేలింది. నాడీకణాల ఉద్రేకాన్ని అణచే ప్రధాన ప్రసారకం అదేనని తరువాత తెలిసింది. గాబా వచ్చి తగిలే గ్రాహకం నాడీకణపు పొరలో అయిదు ముక్కలతో కూర్చిన చిన్న ద్వారం వంటిది. అది తెరుచుకుంటే క్లోరైడు అయాన్లు లోపలికి చేరి కణం శాంతిస్తుంది. దాని జన్యువులు 1987లో లభించాయి. ఆవిరి రూపపు మత్తుమందులకూ మద్యానికీ ఈ గ్రాహకంలోనే తగిన చోటు ఉన్నదని 1997లో వెల్లడయింది. క్లోరోఫామును గాబా పనిని పెంచే మందుగానే చెప్పవచ్చు, అయితే దానికి ఇదొక్కటే స్థావరం కాదు.

గ్రాహకం దానంతట అది సరైన చోటికి చేరదు. దానిని మోసేవి, నిలబెట్టేవి వేరే ప్రోటీన్లు. గెఫైరిన్ ఒకటి. గ్రీకులో వంతెన అని అర్థమిచ్చే మాట నుండి ఆ పేరు వచ్చింది. 1999లో రిచర్డ్ ఓల్సెన్ బృందం మరొకదానిని బయటపెట్టింది: గాబారాప్, కేవలం 117 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. ఒక వైపు గ్రాహకంలోని గామా-2 ముక్కనూ, మరొక వైపు కణాస్థిపంజరంలోని సూక్ష్మనాళికలనూ పట్టుకుంటుందని వారు తెలిపారు. పేరు కూడా ఆ పనిని బట్టే పెట్టారు.

తరువాత చిత్రం మారింది. ఈ ప్రోటీన్ నాడీసంధి దగ్గర కంటే కణం లోపలి పొరల మీదనే ఎక్కువగా కనిపించింది. దీనిని తొలగించిన ఎలుకలలో గ్రాహకాల అమరికకు చెప్పుకోదగ్గ లోపం రాలేదు. దీని సోదర ప్రోటీన్లు ఆ పనిని పంచుకుంటూ ఉండవచ్చు. పైగా ఇది ఈస్ట్ కణాలలోని ఎయిటీజీ-8 అనే ప్రోటీన్‌కు బంధువు. కణం తన చెత్తను తానే సంచిలో మూటగట్టి జీర్ణించుకునే స్వభక్షణ ప్రక్రియలో దానికి పాత్ర ఉన్నది. ఆ ప్రక్రియ మీద పరిశోధనకే ఓసుమికి 2016లో నోబెల్ లభించింది. ఈ ప్రోటీన్ పేరు మాత్రం మొదటి అభిప్రాయాన్నే మోస్తున్నది.

పాఠకులకు ఇందులో నేరుగా పనికివచ్చేది ఆ గామా-2 ముక్క. అల్ప్రాజొలాం, డయాజెపాం వంటి నిద్ర, ఆందోళన మాత్రలు పనిచేయాలంటే గ్రాహకంలో అది ఉండాలి. ఏళ్ల తరబడి వేసుకుంటే గ్రాహకం స్పందన తగ్గుతుంది. హఠాత్తుగా మానితే అణచివేత సడలి వణుకు, నిద్రలేమి, కొందరిలో మూర్ఛలు రావచ్చు. మోకాలి ఆపరేషన్‌కు వచ్చిన ఒక పెద్దావిడ రాత్రి మాత్ర సంగతి దాచి, ఇంట్లోవాళ్లు కోప్పడతారని రెండు రోజుల ముందే మానేసింది. ఆపరేషన్ నాటి ఉదయం మూర్ఛ వచ్చింది. కోలుకున్నది, కానీ అసలు సంగతి చెప్పడానికి సాయంత్రమైంది.

ఈ మాత్రలను వైద్యుని సలహాతో కొద్దికొద్దిగా మాత్రమే తగ్గించాలి. మద్యంతో కలిపితే శ్వాస మందగించి ప్రాణం మీదికి రావచ్చు. ఆపరేషన్‌కు ముందు మత్తు వైద్యుని కలవడానికి వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడే మాత్రల పట్టీలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి, దిండు కింద దాచినదానితో సహా.