పాతాళంలో బట్టల క్లిప్పులు

పేర్లు చెక్కించుకోవడంలో మన ఆడవాళ్ళ తర్వాతే ఎవరైనా! స్టీలు గిన్నె కొన్నామంటే చాలు, "పేరేం వెయ్యమంటారమ్మా?" అంటాడు కొట్టు అబ్బాయి. ఇంటిపేరులో మొదటి అక్షరం, ఆయన పేరు, తేదీ, అన్నీ వేయించుకుంటాం. ఎందుకంటారా? ఎదురింటికి పులుసు పోసి పంపిన గిన్నె మళ్ళీ మన వంటింటికే చేరాలి కదా! వెనకటి రోజుల్లో చాకలివాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు. నల్లజీడి రసంతో బట్ట మూల ఒక చుక్కో, రెండు గీతలో పెట్టేవారు. అక్షరం ముక్క రాకపోయినా, వందిళ్ళ మూటల్లోంచి మన చీర మనకే తెచ్చిచ్చేవారు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గుర్తు పోయేది కాదు.

వస్తువు తిరిగి రావడానికి గుర్తు పెట్టుకోవడం మనకి కొత్త కాదు. కానీ మనిషి తిరిగి రావడానికే గుర్తు పెట్టుకునేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు నీళ్ళు నిండిన గుహల్లోకి దిగి ఈదేవాళ్ళు. ఆ గుర్తు ఎలా ఉండాలి, ఎవరిది వారు ఎలా ఎంచుకోవాలి అన్నదాని వెనక పెద్ద చరిత్రే ఉంది.

బొర్రా గుహలు చూసినవారు ఒక్కసారి ఊహించుకోండి. ఆ రంగు దీపాలన్నీ ఆరిపోయాయి. మెట్లు లేవు. గుహ కప్పుదాకా నీళ్ళు నిండిపోయాయి. వీపు మీది సిలిండర్లో ఎంత గాలి ఉంటే అంతే ఆయుష్షు. సముద్రంలో మునిగినవాడు భయపడితే పైకి తేలవచ్చు. ఇక్కడ పైకి తేలదామంటే నెత్తిన బండరాయి. పైగా అడుగున మెత్తటి ఒండ్రు పేరుకుని ఉంటుంది. కాలు కాస్త తగిలిందా, బియ్యం కడిగిన కుడితిలా లేచి నీళ్ళంతా కమ్మేస్తుంది. అప్పుడు చేతిలో ఎంత పెద్ద దీపం ఉన్నా లేనట్టే. ముక్కు ముందు చెయ్యి పెట్టుకున్నా కనబడదు. ఇక మిగిలేవి వేళ్ళు మాత్రమే.

ఇలాంటి చోటికి మనుషులు ఎందుకు దిగుతారని మీరడగవచ్చు. కొండ ఎక్కేవాడిని ఎందుకెక్కుతావని అడిగితే ఏం చెబుతాడు? వీళ్ళూ అంతే. 1935లో ఇంగ్లండులోని సోమర్‌సెట్‌లో వూకీ హోల్ అనే గుహలోకి గ్రాహం బాల్కూమ్, జాక్ షెపర్డ్ మొదలైనవాళ్ళు ఒక బృందంగా దిగారు. ఆ బృందంలో పెనెలొపీ పావెల్ అనే ఆవిడ కూడా ఉంది. బిందెలాంటి లోహపు టోపీ నెత్తిన బిగించుకుని, బండలాంటి బూట్లు తొడుక్కుని, బాల్కూమ్‌తో పాటు నీళ్ళ కింద 52 మీటర్ల దూరం వెళ్ళి వచ్చింది. గుహ ఈతల చరిత్రలో మొదటి పేజీలోనే ఒక ఆడమనిషి ఉందన్నమాట!

అప్పట్లో దారి తప్పే భయం తక్కువ. ఒడ్డున ఉన్నవాళ్ళు పంపు కొడుతూంటే గొట్టంలోంచి గాలి అందేది. ఆ గొట్టం పట్టుకుని వెనక్కి నడిస్తే బయటికొచ్చినట్టే. అది బొడ్డుతాడు లాంటిది. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గన్యాన్ కలిసి వీపున మోసుకుపోయే గాలి పరికరం తయారు చెయ్యడంతో ఆ బొడ్డుతాడు తెగింది. ఎంత దూరమైనా పోవచ్చు, ఎవరూ పంపు కొట్టనక్కర్లేదు. స్వేచ్ఛ వచ్చింది గానీ, ఇంటికి తీసుకొచ్చే గొట్టం పోయింది.

దాని ఫలితం అమెరికాలోని ఫ్లోరిడాలో కనిపించింది. అక్కడి నేలంతా సున్నపురాయి. అద్దంలాంటి నీళ్ళున్న ఊట గుండాలు, వాటి అడుగున మైళ్ళకొద్దీ సొరంగాలు. నీళ్ళు అంత తేటగా ఉంటే భయం ఎవరికి పుడుతుంది? సరదాగా దిగిన కుర్రాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. షెక్ ఎక్స్‌లీ అనే లెక్కల మాస్టారు ఆ ప్రమాదాలను లెక్కల్లాగే ఒక్కొక్కటీ విప్పి చూశాడు. 1979లో ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో తేల్చినవి ఎంతో కఠినమైనవేమీ కావు. బయటి వెలుగు నుంచి లోపలిదాకా తెగని తాడు ఒకటి వేసుకుంటూ వెళ్ళాలి. గాలిలో మూడో వంతుతోనే లోపలికి పోవాలి, మరో వంతు తిరిగి రావడానికి, ఇంకో వంతు ఆపదకి. శక్తికి మించిన లోతుకి పోకూడదు. మన ఇళ్ళల్లో నెల జీతం ఖర్చు పెట్టే పద్ధతి కూడా ఇదేనేమో!

తాడు వేశారు, బాగానే ఉంది. కానీ తాడుకి తల ఏదో తోక ఏదో తెలియదు కదా! ఒండ్రు లేచింది. కంగారులో మనిషి ఒక చుట్టు తిరిగాడు. చేతికి తాడు దొరికింది. కుడికి వెళితే బయటికా, ఎడమకి వెళితేనా? రెండువైపులా ఒకే నైలాను, ఒకే బిగువు. తప్పు వైపు పట్టుకుంటే ప్రతి ఊపిరీ మృత్యువు వైపే. పైగా తాళ్ళు ఒకదాన్నుంచి ఒకటి చీలుతూ పోతాయి. ప్రతి కూడలిలోనూ ఇదే ప్రశ్న.

దీనికి మొదట్లో వాళ్ళకి దొరికిన ఉపాయం ఏమిటో తెలుసా? మన దండెం మీది బట్టల క్లిప్పులు! కూడలి దగ్గర, తాము వచ్చిన వైపు తాడుకి ఒక క్లిప్పు తగిలించి ముందుకి సాగేవారు. తిరిగి వచ్చేటప్పుడు క్లిప్పు చేతికి తగిలితే అదే దారి. చీరలు ఎగిరిపోకుండా ఆపే వస్తువు ప్రాణం ఎగిరిపోకుండా ఆపిందంటే మనం గర్వపడవచ్చు. అయితే క్లిప్పు "ఇక్కడికి వచ్చాను" అని చెప్పగలదు గానీ, "ఇటు పో" అని చెప్పలేదు. పైగా అందరి క్లిప్పులూ ఒకటే.

తర్వాత లూయిస్ హోల్ట్‌జెండార్ఫ్ అనే ఆయన వెడల్పాటి జిగురు టేపుని తాడు మీదుగా మడిచి ముక్కోణంలా చేశాడు. మొన బయటి దారికేసి చూపిస్తుంది. ఆయన పేరు చివరి ముక్కతోనే దాన్ని డార్ఫ్ గుర్తు అన్నారు. ఆ ఆలోచననే ఫారెస్ట్ విల్సన్ గట్టి ప్లాస్టిక్ బాణంగా మార్చాడు. బాణానికి రెండు గంట్లు, వాటిలో తాడు దూర్చి చుడితే కదలదు. చూపక్కర్లేదు, వేలితో తడిమితే మొన ఎటుందో తెలిసిపోతుంది. ఇవాళ లోకంలో ఎన్నో గుహల్లో ఆ బాణాలే దారి చూపిస్తున్నాయి.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. బాణం అనేది నలుగురిలో గట్టిగా చెప్పే మాట. "ఇటే బయటికి దారి" అని అది అందరికీ చెబుతుంది. గుహకి రెండు ముఖద్వారాలు ఉన్నాయనుకోండి. శాశ్వతంగా కట్టిన బాణాలు దగ్గరగా ఉన్న ద్వారం వైపు చూపిస్తాయి. సరిగ్గా నడిమధ్య చోట రెండు బాణాలు వీపులు ఆనించుకుని చెరో వైపూ చూపిస్తాయి. నేను దూరపు ద్వారం నుంచి వచ్చి, నా సౌకర్యం కోసం నా బాణం అటు తగిలిస్తే, ఒండ్రులో తడుముకుంటూ వచ్చే వేరొకరి గతేమిటి? నాకు నిజమైంది వాళ్ళకి అబద్ధమవుతుంది.

అందుకే మొన లేని గుండ్రటి బిళ్ళ వచ్చింది. బిస్కెట్టులా ఉంటుందని దాన్ని కుకీ అంటారు. అది ఎవరికీ దారి చెప్పదు. "ఫలానా మనిషి ఇటు వెళ్ళింది, ఇంకా రాలేదు" అని మాత్రమే చెబుతుంది. మెక్సికో గుహల్లో తిరిగిన బిల్ ఫిలిప్స్ పేరూ వివరాలూ రాసుకోవడానికి చోటుండే పలకలాంటి బిళ్ళ ఒకటి తయారు చేశాడు. అది కూడా ఆ వరసలోదే.

మరి తన బిళ్ళని ఎలా ఎంచుకోవాలి? మొదట అందరూ చేసేది రంగు చూడటం, సిరాతో పేరు రాయడం. అది మంచిదే. దీపం వెలుగులో పది తెల్లబిళ్ళల మధ్య మనది చటుక్కున కనబడుతుంది. కానీ ఒండ్రు లేచిన చీకట్లో పచ్చా ఒకటే, ఎరుపూ ఒకటే. ఎంత అందమైన దస్తూరీ అయినా అక్కరకి రాదు. అక్కడ మన చాకలి గుర్తే శరణ్యం. బిళ్ళ అంచున ఒకరు ఒక గంటు కోసుకుంటారు, ఇంకొకరు రెండు కోసుకుంటారు, మరొకరు చిల్లు పెట్టుకుంటారు. ఒకే జట్టులో ఇద్దరి గుర్తులు ఒకలా ఉండకూడదు. ఇంగ్లండులాంటి చోట చల్లటి నీళ్ళకి మందపాటి చేతి తొడుగులు వేసుకుంటారు కనుక గంట్లు లోతుగా ఉండాలి. ముచ్చటపడి రిబ్బన్లూ కుచ్చులూ కట్టకూడదు, అవి తాడుకి చిక్కుకుంటాయి. బిళ్ళ తాడు మీద జారకూడదు, అలాగని తీయడానికి రెండు చేతులూ కావలసి రాకూడదు. ఎంచుకున్నాక ఇంట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని సంచిలోంచి తన బిళ్ళే తీయగలదో లేదో చూసుకోవాలి. ఆ పరీక్షలో తప్పినవారు మళ్ళీ గంట్లు కోసుకోవలసిందే.

చీకట్లో తాడు మాత్రమే సరిపోదని 2018లో మరోసారి తెలిసింది. థాయిలాండులో థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలు, వాళ్ళ కోచ్ చిక్కుకుపోయిన సంగతి మనమంతా ఊపిరి బిగబట్టి విన్నాం. జులై 2న బ్రిటిష్ ఈతగాళ్ళు రిక్ స్టాంటన్, జాన్ వొలాంథెన్ వాళ్ళని కనిపెట్టారు. బయటికి తెచ్చే ఆఖరి రోజున, క్రిస్ జ్యువెల్ అనే ఆయన మత్తులో ఉన్న ఒక పిల్లవాణ్ణి పట్టుకుని ఈదుతూండగా తాడు చేజారింది. తడిమితే ఒక కరెంటు తీగ దొరికింది. దాన్ని పట్టుకుని పోయి తేలితే, అది బయటి దారి కాదు, అంతకు ముందు దాటి వచ్చిన గదే! ఆ బాబు అదృష్టం, అందరితో పాటు ప్రాణాలతో బయటపడ్డాడు. పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరకడం వేరు, అది ఎటు పోతోందో తెలియడం వేరు.

గుర్తు పెట్టనివాళ్ళ కథ కూడా ఒకటుంది. మెక్సికోలోని యుకటాన్‌లో, ఓయో నెగ్రో అనే నీటి గోతి అడుగున 2007లో ఈతగాళ్ళకి ఒక ఎముకల గూడు దొరికింది. పదిహేను, పదహారేళ్ళ ఆడపిల్లది. 12 వేల ఏళ్ళు దాటిన మాట. అప్పట్లో ఆ గుహ ఎండి ఉండేది. ఏం పని మీద వచ్చిందో, చీకట్లో అడుగు తప్పి గోతిలో పడిపోయింది. ఈతగాళ్ళు ఆమెకి నాయా అని పేరు పెట్టారు. ఆమెని చూసివచ్చినవాళ్ళు తాడు మీద తమ గుర్తులు ఒక్కొక్కటీ తీసుకుంటూ వెలుగులోకి వచ్చారు. ఆ పిల్లకి మాత్రం తీసుకోవడానికి గుర్తు లేదు, పట్టుకోవడానికి తాడు లేదు.

ఈ ఈతగాళ్ళకి ఒక నియమం ఉంది. తిరిగి వస్తూ కూడలిలో ఎవరి బిళ్ళ వారు తీసుకుంటారు. ముగ్గురు వెళ్ళి, ఆ తాడు మీద ఇంకో బిళ్ళ మిగిలిందంటే, ఒకరు ఇంకా లోపలే ఉన్నారని అర్థం. ఆ బిళ్ళని మాత్రం ఎవరూ ముట్టుకోరు. వాళ్ళు వేరే దారిన వెళ్ళిపోయి ఉంటారని అనిపించినా సరే, తమ గాలి అయిపోవస్తూ బయటికి పోక తప్పకపోయినా సరే, దాన్ని అక్కడే వదిలి వస్తారు. ఇంటికి ఆలస్యంగా వచ్చే మనిషికి అన్నం మీద మూత పెట్టి ఉంచుతాం చూడండి, అలాగ.