ప్రహేళిక, సమస్య, పొడుపుకథ: కోనసీమ నేపథ్యంలో పార్శ్వాలోచన చరిత్ర

వ్యాససంగ్రహం: మొదట తట్టిన అర్థాన్ని విడిచి, ప్రశ్నను మరోవైపు నుంచి చూసే పద్ధతికి ఎడ్వర్డ్ డి బోనో 1967లో 'లేటరల్ థింకింగ్' అని పేరుపెట్టాడు. ఈ వ్యాసం దానిని 'పార్శ్వాలోచన'గా వ్యవహరిస్తూ, ప్రహేళిక, సమస్యాపూరణం, పొడుపుకథల్లో అది పనిచేసే తీరును పరిశీలిస్తుంది. పొడుపును విడుపుతో మాత్రమే నమోదు చేస్తే ఆలోచనాచరిత్రలో ముఖ్యభాగం పోతుందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: కోనసీమ, ప్రహేళిక, సమస్యాపూరణం, పొడుపుకథ, చమత్కారం, పార్శ్వాలోచన.

1. ఉపోద్ఘాతం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, సముద్రం అంచున ఉన్న కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రధాన కేంద్రాలు. శాస్త్రపాఠం సాగిన అగ్రహారాలు, కొబ్బరితోటలు, వరిచేలు, పడవల రేవులు ఒకే నేలపై ఉన్న ప్రాంతమిది. ఇలాంటిచోట చిక్కుప్రశ్నకు రెండు రూపాలుంటాయి. ఒకటి పండితగోష్ఠిలోని ప్రహేళిక, రెండవది అరుగు మీది పొడుపుకథ. పరిశోధనలో మొదటిది అలంకారశాస్త్రానికి, రెండవది జానపద విజ్ఞానానికి చెందింది. రెండింటిలోనూ బుద్ధి చేసే పని ఒకటేనా అన్నది ఇక్కడి ప్రశ్న.

2. ప్రహేళిక: ఆలంకారికుల దృష్టి

కామసూత్రం చెప్పిన 64 కళల్లో ప్రహేళిక ఒకటి. దండి కావ్యాదర్శం మూడవ పరిచ్ఛేదంలో 16 విధాల ప్రహేళికలను వివరించి, వాటికి మూడు ప్రయోజనాలు చెప్పాడు: గోష్ఠీవినోదం, నలుగురిలో ఉన్నప్పుడు తెలిసినవారితో రహస్యంగా మాట్లాడుకోవడం, ఎదుటివారిని తికమకపెట్టడం. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు మాత్రం అది రసానికి అడ్డు కనుక అలంకారం కాదన్నాడు. ఒకరు వినియోగాన్ని చూశారు, మరొకరు రసాన్ని చూశారు.

సుభాషితాల్లో కొబ్బరికాయ మీద ప్రసిద్ధమైన సంస్కృత ప్రహేళిక ఒకటుంది. చెట్టు చివర ఉండటం, మూడు కన్నులు, నారబట్ట, లోపల నీరు అన్నవి అందులోని ఆనవాళ్ళు. ఒక్కో ఆనవాలు వినగానే గరుత్మంతుడు, శివుడు, సిద్ధయోగి, కుండ లేదా మేఘం స్ఫురిస్తాయి. వాటిని ప్రహేళికే కాదని తోసివేస్తుంది. వినేవాడి తొలి ఊహలన్నీ మూసివేసి, పురాణలోకం నుంచి పెరటిలోకి తీసుకురావడమే దాని నిర్మాణం. పార్శ్వాలోచన లక్షణం ఇదే. అయితే కొబ్బరి నిత్యం కంటపడే కోనసీమలో ఇది వెంటనే విడిపోవచ్చు. అంటే చిక్కు ప్రశ్నలో మాత్రమే లేదు, ప్రశ్నకూ వినేవాడి పరిసరానికీ గల దూరంలోనూ ఉంది.

3. పండితరాయలు: చమత్కార విచారం

17వ శతాబ్దికి చెందిన జగన్నాథ పండితరాయలు కోనసీమలోని ముంగండ అగ్రహారీకుడిగా ప్రసిద్ధుడు. రసగంగాధరంలో ఆయన కావ్యాన్ని నాలుగు తరగతులు చేశాడు. ఏకాక్షర పద్యాలు, పద్మబంధాల వంటి వాటిని ఐదవదైన అధమాధమ తరగతిగా లెక్కించవచ్చునంటూనే, రమణీయార్థం లేనందున అవి కావ్యమే కావని విడిచిపెట్టాడు. చూడటానికి ఇది చిక్కుముడి రచనలన్నింటికీ వ్యతిరేకమైన తీర్పులా ఉంటుంది. కాని ఆయన తిరస్కరించింది అర్థచమత్కారం లేని శబ్దవిన్యాసాన్ని మాత్రమే. భామినీవిలాసం మొదటి విలాసంలోని అన్యోక్తుల్లో ఏనుగు, సింహం, తుమ్మెద వంటివాటి మాటున మనుషుల ప్రవర్తన ఉంటుంది. చెప్పిన వస్తువును దాటి చెప్పని వస్తువును పట్టుకోవడమే అక్కడి ఆనందం.

రమణీయతకు మూలమైన లోకోత్తరాహ్లాదాన్ని ఆయన చమత్కారంతో ముడిపెట్టాడు. కొడుకు పుట్టాడన్న వార్త, ధనమిస్తానన్న మాట ఇచ్చే సంతోషం ఆ కోవలోకి రాదన్నాడు. ఈ భేదం పొడుపుకథకూ వర్తిస్తుంది. పందెం గెలిచిన సంతోషం వేరు, అంతవరకు కనబడని పోలిక ఒక్కసారిగా కనబడిన సంతోషం వేరు. మొదటిది లౌకికలాభం. రెండవది చమత్కారానికి చేరువ.

4. సమస్యాపూరణం: అసంగతానికి సంగతి

అవధానంలో పృచ్ఛకుడు అర్థం పొసగని పాదమిస్తాడు. అవధాని దానిని మార్చకుండా పొసగేలా పూరించాలి. కోనసీమకు చేరువలోని కడియంలో జన్మించిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950), దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920)తో కలిసి తిరుపతి వేంకట కవులుగా ఈ ప్రక్రియకు విశేష ప్రచారం తెచ్చారు.

పూరణ మార్గాలను పరిశీలిస్తే వాటి వెనుక ఆలోచనాసూత్రాలు కనిపిస్తాయి. 'ధర్మమె దుఃఖమూలము' అని పాదమిచ్చారనుకుందాం. పై పాదాన్ని 'జనులకు న' అని ముగిస్తే అది 'జనులకున్ + అధర్మమె' అవుతుంది. ఇక్కడ మారింది మాట సరిహద్దు. 'చీమలు ఏనుగును తినివేసెను' అంటే, ఆ ఏనుగు పంచదారతో పోసిన అచ్చుబొమ్మ అనవచ్చు. ఇక్కడ మారింది వస్తువు. అసంగతవాక్యాన్ని పిచ్చివాడి నోటనో, కలలోనో పెడితే మారేది వక్త, సందర్భం. మూడింటిలోనూ ఇచ్చిన పాదం చెక్కుచెదరదు. దాని చుట్టూ మనం చేసుకున్న ఊహే మారుతుంది.

5. పొడుపుకథ, రేవు లెక్క

చేత్తో చల్లి నోటితో ఏరుకునే విత్తనాలు ఏవని పొడుపుకథ అడిగితే మనసు పొలం వైపు పోతుంది. విడుపు అక్షరాలు. వ్యవసాయపు మాటలు శ్రోతను కావాలనే దారి తప్పిస్తాయి. పండిత ప్రహేళికలో పురాణం చేసిన పనిని ఇక్కడ సేద్యం చేస్తుంది.

పులి, మేక, గడ్డిమోపులను ఒక్కొక్కటిగా ఏరు దాటించే లెక్క తెలుగునాట సుపరిచితం. వంతెనలు రాకముందు పడవలే ఆధారమైన కోనసీమకు అది సహజంగా అమరుతుంది. అంతమాత్రాన అది ఇక్కడే పుట్టిందనడానికి లేదు. 8–9 శతాబ్దుల యూరప్ పండితుడు అల్క్విన్ పేరిట ఉన్న లాటిన్ లెక్కల సంకలనంలో తోడేలు, మేక, క్యాబేజీలతో ఇదే లెక్క ఉంది. దాటించిన మేకను మళ్ళీ ఇవతలికి తేవడమే దీనికి కీలకం. ముందుకు పోవడమే ప్రగతి అన్న ఊహను వదిలితే గాని అది తట్టదు.

6. పోలికలు, పరిమితులు

ఈ సాదృశ్యాలను బట్టి ఆధునిక భావన అంతా మనకు ముందే ఉందనడం తొందరపాటు. నేటి లేటరల్ చిక్కుల్లో అవును, కాదు అనే జవాబులు వచ్చే ప్రశ్నలు అడుగుతూ పరిష్కారానికి చేరుతారు. పొడుపుకథలో సాధారణంగా ఆ వెసులుబాటు లేదు, తప్పు విడుపే ప్రశ్నగా పనిచేస్తుంది. పైగా విడుపు తెలిసిన పొడుపు జ్ఞాపకానికే పరీక్ష. దానిని బుద్ధికి వ్యాయామం అనలేం. సమస్యకు మాత్రం ఒకే జవాబంటూ లేదు. ఒకే పాదాన్ని పలువురు పలు విధాలుగా పూరిస్తారు. ప్రత్యామ్నాయాలను వెదకడమే ప్రధానమన్న డి బోనో ఆశయానికి ఈ మూడింటిలో సమస్యాపూరణమే దగ్గర.

7. ముగింపు

- ప్రహేళిక, సమస్య, పొడుపుకథల సామగ్రి వేరైనా, తొలి అర్థాన్ని నిరాకరించడం మూడింటికీ సమానం.
- పండితరాయల చమత్కారవిచారం, చిక్కు విడినప్పటి ఆనందాన్ని గెలుపు సంతోషం నుంచి వేరుచేసి చూడటానికి ఉపకరిస్తుంది.
- పొడుపు, విడుపు జంటగా అచ్చయిన జాబితా శ్రోత ఎక్కడ తడబడ్డాడో చెప్పదు. క్షేత్రపరిశోధకులు పొడిచిన సందర్భాన్ని, శ్రోతలు ముందుగా చెప్పిన తప్పు విడుపులను, సభ అంగీకరించిన ఇతర విడుపులను కూడా నమోదు చేయాలి. రైతుకు మేఘం, కుమ్మరికి కుండ తట్టితే, ఆ తప్పులే వారి లోకాలకు ఆధారాలు. సరైన విడుపు అందరికీ ఒకటే కనుక ఆ తేడాను అది చూపలేదు.