ఛాత్రోపాధ్యాయుల హాజరు, సెలవులు, సమాన అవకాశాలు

ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించడానికి ముందు శిక్షణ పొందుతున్న విద్యార్థులను ఛాత్రోపాధ్యాయులు అంటారు. ఛాత్రుడు అనగా విద్యార్థి. వీరు కళాశాలలో విద్యార్థులు, బోధనాభ్యసనం జరిగే పాఠశాలలో ఉపాధ్యాయులు. ఈ రెండు స్థితుల కారణంగా వీరి హాజరు నిబంధనలు సాధారణ డిగ్రీ విద్యార్థుల నిబంధనల కంటె కఠినంగా ఉంటాయి. అయితే ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకు లభించే సెలవులు వీరికి వర్తించవు. భారతదేశంలో డి.ఎల్.ఎడ్., బి.ఎడ్., ఎం.ఎడ్. శిక్షణలలో అమలయ్యే హాజరు నియమాలు, సెలవుల స్థితి, సమాన అవకాశాలకు సంబంధించిన చట్టాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

నేపథ్యం

దేశంలో ఉపాధ్యాయ విద్య ప్రమాణాలను జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి (ఎన్.సి.టి.ఇ.) నిర్ణయిస్తుంది. 1973లో సలహా సంఘంగా ఏర్పడిన ఈ మండలికి 1993 నాటి చట్టం ద్వారా చట్టబద్ధత లభించింది. 1995 నుండి ఇది చట్టబద్ధ సంస్థగా పనిచేస్తున్నది. 1986 జాతీయ విద్యావిధానం ఫలితంగా జిల్లా విద్యా శిక్షణ సంస్థలు (డైట్‌లు) ఏర్పడ్డాయి. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు ఈ సంస్థలలోను, ప్రైవేటు కళాశాలలలోను శిక్షణ ఇస్తారు.

సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ ఉపాధ్యాయ విద్యను పరిశీలించి 2012లో నివేదిక సమర్పించింది. తదనంతరం మండలి 2014లో కొత్త నిబంధనలు జారీ చేసింది. అంతవరకు ఒక సంవత్సరంగా ఉన్న బి.ఎడ్. 2015-16 విద్యాసంవత్సరం నుండి రెండు సంవత్సరాల కోర్సుగా మారింది. పాఠశాలలో గడపవలసిన కాలం కూడా పెరిగింది.

హాజరు నిబంధనలు

2014 నిబంధనలలో బి.ఎడ్.కు సంబంధించిన ముఖ్యాంశాలు:

- ప్రవేశాల కాలం, పరీక్షల కాలం మినహాయించి సంవత్సరానికి కనీసం 200 పనిదినాలు ఉండాలి.
- వారానికి కనీసం 36 గంటలు సంస్థ పనిచేయాలి.
- తరగతి పాఠాలకు, ప్రయోగాత్మక పనులకు కనీసం 80 శాతం హాజరు ఉండాలి.
- పాఠశాల ఇంటర్న్‌షిప్‌కు కనీసం 90 శాతం హాజరు ఉండాలి.
- ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు. ఇందులో మొదటి సంవత్సరంలో 4 వారాలు, రెండవ సంవత్సరంలో 16 వారాలు.
- కోర్సు కాలం రెండు సంవత్సరాలు. అయితే ప్రవేశం పొందిన తేదీ నుండి గరిష్ఠంగా మూడు సంవత్సరాలలోగా పూర్తిచేయవచ్చును.

ఇంటర్న్‌షిప్‌కు ఎక్కువ హాజరు కోరడానికి తగిన కారణం ఉన్నది. కళాశాల తరగతికి విద్యార్థి రాకపోతే నష్టం అతనికే. బోధనాభ్యసనం నాడు ఛాత్రోపాధ్యాయుడు రాకపోతే ఆ తరగతి పిల్లలకు పాఠం ఆగిపోతుంది, పర్యవేక్షకుని రాక వృథా అవుతుంది, సహకార పాఠశాల కాలపట్టిక చెదిరిపోతుంది. పాఠ్యపథకం రాయడం ఇంటివద్ద నేర్చుకోవచ్చును గాని నలభైమంది పిల్లల ముందు నిలబడడం తరగతిగదిలోనే నేర్చుకోవాలి.

హాజరు లెక్కింపు: ఒక ఉదాహరణ

వారానికి ఆరు రోజులు పనిచేసే కళాశాలలో బి.ఎడ్. రెండవ సంవత్సరం 200 పనిదినాలు అనుకొంటే లెక్క ఈ విధంగా ఉంటుంది.

- ఇంటర్న్‌షిప్ 16 వారాలు, అనగా 96 రోజులు. ఇందులో 90 శాతానికి 87 రోజుల హాజరు అవసరం. గైర్హాజరుకు వీలయ్యేది 9 రోజులు.
- మిగిలిన పనిదినాలు 104. ఇందులో 80 శాతానికి 84 రోజుల హాజరు అవసరం. గైర్హాజరుకు వీలయ్యేది 20 రోజులు.

అనగా సంవత్సరం మొత్తం మీద 29 రోజులు. జ్వరం, కుటుంబంలో మరణం, పెళ్ళి, ఉద్యోగ పరీక్ష వంటి అన్ని అవసరాలూ ఈ 29 రోజులలోనే ఇమడాలి. ఇంటర్న్‌షిప్ కాలంలో టైఫాయిడ్ వంటి జబ్బుతో రెండు వారాలు మంచం పట్టిన విద్యార్థికి 9 రోజుల వెసులుబాటు చాలదు.

సెలవులు

ఛాత్రోపాధ్యాయులు ఉద్యోగులు కారు. కనుక సాధారణ సెలవు, ఆర్జిత సెలవు వంటివి వీరికి లేవు. హాజరు శాతంలో మిగిలే భాగాన్నే వాడుకలో సెలవు అంటున్నారు. ఇది హక్కుగా లభించే సెలవు కాదు, గైర్హాజరుకు ఉన్న హద్దు మాత్రమే. ఉద్యోగంలో ఉండి యాజమాన్యం అనుమతితో శిక్షణకు వచ్చిన ఉపాధ్యాయుల సెలవులు వారి సర్వీసు నిబంధనలను అనుసరించి ఉంటాయి. అయితే శిక్షణ పూర్తికి కావలసిన హాజరు వారికి కూడా తప్పదు.

ఈ భేదం ప్రసూతి విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణతో వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుండి 26 వారాలకు పెంచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో ప్రభుత్వ మహిళా ఉద్యోగుల ప్రసూతి సెలవు 120 రోజుల నుండి 180 రోజులకు పెరిగింది. ప్రభుత్వ ఉపాధ్యాయినులకు ఈ సెలవు వర్తించింది. ఈ రెండూ ఉద్యోగినులకు ఉద్దేశించినవే. శిక్షణలో ఉన్న స్త్రీకి మాత్రం పై ఉదాహరణలోని 29 రోజులే మిగులుతాయి. బి.ఎడ్. ప్రవేశానికి డిగ్రీ అర్హత కావడం వలన శిక్షణలో చేరే స్త్రీలలో వివాహితలు చాలామంది ఉంటారు. కాబట్టి ఇది అరుదుగా తలెత్తే సమస్య కాదు.

పరిశోధక విద్యార్థినుల విషయంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2016 నిబంధనలలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుకు వీలు కల్పించింది. 2021 డిసెంబరులో డిగ్రీ, పీజీ విద్యార్థినులకు కూడా ప్రసూతి సెలవు, హాజరు సడలింపులపై తగిన నియమాలు రూపొందించుకోవలసిందిగా విశ్వవిద్యాలయాలను కోరింది. 2023 జనవరిలో కేరళ ప్రభుత్వం తన ఉన్నత విద్యాశాఖ పరిధిలోని విశ్వవిద్యాలయాలలో 18 సంవత్సరాలు నిండిన విద్యార్థినులకు 60 రోజుల వరకు ప్రసూతి సెలవు ప్రకటించింది. నెలసరిని దృష్టిలో ఉంచుకొని విద్యార్థినులకు కావలసిన కనీస హాజరును 75 నుండి 73 శాతానికి తగ్గించింది.

న్యాయస్థానాల తీర్పులు

ప్రసూతి కారణంగా హాజరు తగ్గిన విద్యార్థినుల విషయంలో హైకోర్టుల తీర్పులు ఒకే విధంగా లేవు.

- 2010లో ఢిల్లీ హైకోర్టు న్యాయశాస్త్ర విద్యార్థినులకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది.
- 2016లో కణ్ణూరు విశ్వవిద్యాలయపు బి.ఎడ్. విద్యార్థిని పిటిషన్‌ను కేరళ హైకోర్టు తిరస్కరించింది. గర్భధారణ స్వచ్ఛంద నిర్ణయమని, దాని కారణంగా రెగ్యులర్ కోర్సులో హాజరు సడలింపు కోరడం తగదని భావించింది.
- 2018లో ఢిల్లీ హైకోర్టు మరొక న్యాయశాస్త్ర విద్యార్థిని అభ్యర్థనను, వృత్తివిద్య నిబంధనలను సడలించలేమన్న కారణంతో అంగీకరించలేదు.
- 2023 మేలో ఢిల్లీ హైకోర్టు మీరట్‌లోని చౌధరీ చరణ్ సింగ్ విశ్వవిద్యాలయపు ఎం.ఎడ్. విద్యార్థిని కేసులో భిన్నమైన తీర్పు వెలువరించింది. ప్రసూతి సెలవు నిరాకరిస్తూ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఉత్తర్వును రద్దు చేసి, 59 రోజుల ప్రసూతి సెలవు విషయాన్ని తిరిగి పరిశీలించాలని ఆదేశించింది. ఆ సెలవును లెక్కలోకి తీసుకొన్న పిమ్మట తరగతి పాఠాలలో 80 శాతం హాజరు పూర్తయితే పరీక్షకు అనుమతించాలని పేర్కొన్నది. ఉన్నత విద్య, మాతృత్వం అనే రెండింటిలో ఒకదానిని మాత్రమే ఎంచుకోమని స్త్రీని నిర్బంధించరాదన్నది ఈ తీర్పు సారాంశం.

సమాన అవకాశాలు

రాజ్యాంగంలోని 14వ అధికరణం సమానత్వాన్ని, 15వ అధికరణం వివక్ష నిషేధాన్ని చెబుతున్నాయి. స్త్రీల కొరకు, బాలల కొరకు ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి 15(3) అనుమతిస్తుంది. పనిస్థలంలో మానవీయ పరిస్థితులకు, ప్రసూతి సహాయానికి రాజ్యం ఏర్పాట్లు చేయాలని 42వ అధికరణం ఆదేశిస్తుంది.

ప్రవేశాలు: షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, వెనుకబడిన తరగతుల వారికి సీట్ల కేటాయింపు, అర్హత మార్కుల సడలింపు సంబంధిత ప్రభుత్వాల నియమాలను అనుసరించి ఉంటాయి.

వికలాంగులు: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో నిర్దేశిత వైకల్యం గలవారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. గరిష్ఠ వయఃపరిమితిలో 5 సంవత్సరాల సడలింపు ఉన్నది. పరీక్షలో సహాయ లేఖకుని వినియోగించుకొనేవారికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వ్యక్తి అవసరానికి తగిన సర్దుబాటు చేయకపోవడాన్ని కూడా ఈ చట్టం వివక్షగానే పరిగణిస్తుంది. ఛాత్రోపాధ్యాయుల విషయంలో ఈ సర్దుబాటు బోధనాభ్యసనంలో ముఖ్యం. చక్రాల కుర్చీ వాడే అభ్యర్థికి మెట్లు లేని పాఠశాలను కేటాయించడం, అంధ అభ్యర్థి పాఠ్యపథకాన్ని బ్రెయిలీలో రాసుకోనివ్వడం, నల్లబల్ల పనికి బదులు ముందుగా సిద్ధం చేసిన చార్టులను అనుమతించడం వంటివి ఇందుకు ఉదాహరణలు.

లైంగిక వేధింపుల నుండి రక్షణ: యు.జి.సి. 2015 నిబంధనల ప్రకారం ఫిర్యాదు విచారణలో ఉండగా బాధితురాలికి, ఆమె హోదాకు, ప్రయోజనాలకు భంగం లేకుండా మూడు నెలల వరకు సెలవు ఇవ్వవచ్చును. ఆరోపణకు గురైన వ్యక్తి ఆమె పనిని మూల్యాంకనం చేయకుండా నిరోధించవచ్చును. పర్యవేక్షకుల చేతిలో మార్కులు ఉండే శిక్షణలో ఇది కీలకమైన రక్షణ.

ఆచరణలో సమస్యలు

ఒకే హాజరు శాతం అందరికీ వర్తించినా దాని భారం అందరిపై సమానంగా పడదు. మారుమూల గ్రామం నుండి బస్సులో వచ్చే విద్యార్థికి ఒక బస్సు తప్పితే ఒక పూట హాజరు పోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపకారవేతనానికి, ఫీజు రీయింబర్స్‌మెంటుకు 75 శాతం హాజరును షరతుగా పెట్టారు. అందువలన పేద విద్యార్థికి హాజరు తగ్గితే పరీక్షతోపాటు ఫీజు సహాయం కూడా ప్రశ్నార్థకమవుతుంది.

మరొకవైపు కొన్ని ప్రైవేటు కళాశాలలలో అభ్యర్థులు తరగతులకు రాకుండానే హాజరు నమోదవుతున్నదని పత్రికలలో తరచు ఆరోపణలు వచ్చాయి. ఇటువంటి చోట డబ్బు చెల్లించగలిగినవారికి నియమం అడ్డురాదు. నిజాయితీగా సెలవు కోరే బాలింతకు, రోగికి మాత్రమే అడ్డువస్తుంది. ఇందువలన నష్టపోయేది సమాన అవకాశాల సూత్రం ఒక్కటే కాదు. బోధన నేర్వని ఉపాధ్యాయుని వద్ద చదువుకొనే పిల్లలు కూడా నష్టపోతారు.

హాజరు నియమాన్ని రద్దుచేయడం ఈ సమస్యకు పరిష్కారం కాజాలదు. కోర్సు పూర్తికి ఇప్పటికే ఉన్న మూడు సంవత్సరాల గడువు ఒక మార్గం చూపుతున్నది. ఇంటర్న్‌షిప్ మధ్యలో ప్రసవించిన లేదా జబ్బుపడిన అభ్యర్థి, మిగిలిన వారాలను తరువాతి బ్యాచ్‌తో కలిసి పూర్తిచేయడానికి ఈ గడువులో వీలుంటుంది. దీనివలన బోధనాభ్యసనం తగ్గదు, చదివిన సంవత్సరం వృథా కాదు. అయితే పరీక్ష రుసుము, పునఃప్రవేశం, ఇంటర్న్‌షిప్ కేటాయింపులపై విశ్వవిద్యాలయాలు స్పష్టమైన నియమాలు రాసి, ప్రవేశ సమయంలోనే విద్యార్థులకు తెలియజేసినప్పుడే ఈ అవకాశం ఉపయోగపడుతుంది.

ఇవి కూడా చూడండి

- జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి
- జిల్లా విద్యా శిక్షణ సంస్థ
- బి.ఎడ్.
- విద్యాహక్కు చట్టం, 2009
- ప్రసూతి ప్రయోజన చట్టం, 1961