బ్యారేజీతోపాటు బుడమేరుపైనా కన్నేయాలి

విజయవాడ: విపత్తు హెచ్చరిక కార్యాలయాల్లోనే ఆగిపోతే ప్రయోజనం ఉండదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమందిని కోల్పోయిన కృష్ణా డెల్టాకు ఈ విషయం అనుభవమే.

రెండు వైపులా ముప్పు: 2024 సెప్టెంబరు ఆరంభంలో ప్రకాశం బ్యారేజీ వద్ద వరద రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అదే సమయంలో సింగ్‌నగర్‌ను ముంచెత్తింది మాత్రం గట్లు తెగిన బుడమేరు. దీని మళ్లింపు కాలువ బ్యారేజీ ఎగువన కృష్ణాలో కలుస్తుంది. నది నిండుగా ఉంటే కాలువ నీరు సాఫీగా పారదు. అందువల్ల బ్యారేజీ వద్ద జారీ అయ్యే మొదటి, రెండో ప్రమాద హెచ్చరికలతోపాటు బుడమేరు నీటిమట్టాన్నీ గమనించాలి.

శిక్షణ: గన్నవరం సమీపంలోని కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది ప్రాంగణం 2025 జనవరి 19న ప్రారంభమైంది. అధికారులు, సిబ్బంది నేర్చుకున్న మెలకువలు వార్డులకు, గ్రామాలకు చేరినప్పుడే శిక్షణకు సార్థకత.

ఇంట్లో జాగ్రత్తలు: ముఖ్యమైన పత్రాలు ప్లాస్టిక్ సంచిలో భద్రపరచాలి. తాగునీరు, మందులు, టార్చిలైటు సిద్ధంగా ఉంచుకోవాలి. ఇల్లు వీడేముందు విద్యుత్ మెయిన్ ఆపాలి. పారుతున్న వరదలోకి దిగరాదు. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయాలి.